ఎగుమతి కాని ఔషధము

పాతికేండ్ల క్రిందట నానక్‌రామ్‌గూడ యన్నచో హైదరాబాదు వాసులలో అనేకులకు ప్రాచీనమైన రంగనాథస్వామి ఆలయమును, దాని చుట్టును వ్యాపించిన గండశిలలును మాత్రమే స్ఫురించెడివి. నేడు ఆ శిలలను పగులగొట్టిన చోటనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు గాజు మేడలు లేచినవి. 2019వ సంవత్సరమున అమెజాన్ సంస్థ తన మహాప్రాంగణమును అచ్చటనే తెరచినది. వైద్యోపకరణములకు రూపకల్పన చేయు మెడ్‌ట్రానిక్ సంస్థ ఇంజనీరింగు కేంద్రమును, కాంటినెంటల్ మొదలగు పెద్ద ఆసుపత్రులును అచ్చటనే వెలసినవి. ప్రక్కనున్న గచ్చిబౌలిలో దివీస్ లేబొరేటరీస్ వారి ప్రధాన కార్యాలయము కలదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాదు శాఖ నానక్‌రామ్‌గూడ పొరుగుననున్న నార్సింగిలో ఆరంభమై, పిమ్మట గోపన్‌పల్లిలోని ప్రాంగణమునకు తరలినది. వైద్యుడు, ఇంజనీరు, రసాయనశాస్త్రజ్ఞుడు, భౌతికశాస్త్రజ్ఞుడు, ఈ నలుగురును ఇంత చేరువలో పనిచేయు తావు మన తెలుగునేలపై మరియొకటి లేదని నా అభిప్రాయము. అయినను ఈ నలుగురిని ఒకే గదిలో, ఒకే నిమిషమున, ఒకే రోగి ప్రక్కన నిలువబెట్టవలసిన అవసరము సామాన్యముగా రాదు. అట్టి అవసరమును కల్పించు ఔషధజాతి యొకటి గడచిన ముప్పది యేండ్లలో ప్రపంచమున పుట్టి పెరుగుచున్నది. దాని స్వభావమును తెలుగు పాఠకులకు విన్నవింపవలెనని ఈ ప్రయత్నము.

ఆ ఔషధజాతి అక్కరకు వచ్చు చోటు ఎం.ఆర్.ఐ. స్కానింగు గది. ఆ స్కానింగు చేయించుకొనివచ్చినవారు నేడు ప్రతి బంధువర్గమునందును ఒకరిద్దరైనను ఉందురు. ఇరుకైన ఆ సొరంగములో కదలక మెదలక పరుండి, చెవులు గింగురుమను ధ్వనులను సహించుచుండగా లోపల జరుగునదేమియో వారిలో చాలమందికి ఎవ్వరును చెప్పియుండరు. మన శరీరమున మూడింట రెండు వంతులు నీరు. నీటి ప్రతి అణువునందును రెండు హైడ్రోజన్ పరమాణువులు. ఆ పరమాణువు కేంద్రకమైన ప్రోటాను, స్పిన్ను అను సహజగుణముచేత, అతిసూక్ష్మమైన అయస్కాంతముగా వర్తించును. భూమి అయస్కాంతబలమునకు సుమారు అరువదివేల రెట్లైన మూడు టెస్లాల క్షేత్రములో రోగిని ఉంచినప్పుడు ఈ ప్రోటానులన్నియు క్షేత్రదిశకు తిరిగి నిలుచునని మనము ఊహింతుము గాని, వాస్తవమట్లు లేదు. దేహోష్ణము వానిని క్షణమైనను కుదురుగా నిలువనీయదు. సగము ఇటును సగము అటును మొగ్గి, ఒకదాని ప్రభావము నొకటి రద్దుచేసికొనగా, పది లక్షల ప్రోటానులలో క్షేత్రదిశకు మొగ్గినవాని ఆధిక్యము సుమారు పది మాత్రమే మిగులును. ఆ పదింటి సంకేతమునుండియే మెదడు మడతలును, వెన్నుపూసల నడుమ మృదులాస్థియు మనకు చిత్రములై కనబడుచున్నవి. నీరు మన శరీరమున అపారముగా ఉండుటచేతనే ఇది సాధ్యమగుచున్నది. అపారముగా లేని వస్తువుల గతి యేమి? ఊపిరితిత్తులలోని గాలియు, కణములోపల క్షణక్షణమును రూపుమారుచుండు చక్కెర ఖండములును ఈ యంత్రము కంటికి ఆననే ఆనవు. వైద్యుడు చూడగోరునవి మాత్రము అనేక పర్యాయములు అవియే.

చిత్రమునకు స్పష్టత చేకూర్చుటకై స్కానింగు సెంటర్లలో కాంట్రాస్టు ఇంజక్షను వేయుదురు గదా! దానిలోని ప్రధానద్రవ్యము గెడోలినియమను లోహము. అట్టి మొదటి ఔషధము 1988లో వాడుకలోనికి వచ్చినది. ఆ లోహము తన సమీపమందలి నీటి ప్రోటానులను త్వరితముగా యథాస్థితికి తెచ్చుటచే, రక్తము చేరినచోటును, కట్టుదప్పి రక్తనాళమునుండి ద్రవ మూరినచోటును కాంతివంతముగా కనబడును. ఒంటరి గెడోలినియము విషము కావున దానిని సేంద్రియ అణువుల పంజరములో బంధించి ఇత్తురు. మూత్రపిండములు చెడినవారిలో ఆ బంధము సడలి, చర్మమును బిగుసుకొనజేయు వ్యాధికి కారణమగుచున్నదని 2006లో వెల్లడియైనది; ఆ ఇంజక్షనుకు ముందు క్రియాటినిన్ రిపోర్టు చూపుమనుట అందులకే. పలుమార్లు తీసికొన్నవారి మెదడులో ఆ లోహపు జాడలు నిలిచియుండుట 2014లో గమనించిరి. దీనిని చదివి ఎవ్వరును స్కానింగు మానుకొనవలదు. నేడు వాడుచున్న పంజరములు మునుపటికంటె దృఢమైనవి. వైద్యుడు అవసరమని చెప్పినప్పుడు ఆ ఇంజక్షను వలని మేలు కీడుకంటె ఎన్నియో రెట్లు అధికము.

ఈ కాంట్రాస్టు ఔషధములకు మన ప్రాంతముతో గల సంబంధము సామాన్యమైనది కాదు. అయోడినుతోను గెడోలినియముతోను తయారగు కాంట్రాస్టు ద్రవ్యములు తమ అభివృద్ధికి ముఖ్యరంగములలో నొకటియని దివీస్ సంస్థ బహిరంగముగా ప్రకటించియున్నది. దాని కర్మాగారములు చౌటుప్పల్ ప్రాంతమునను, విశాఖపట్టణమునకు చేరువ భీమునిపట్నము మండలమునను కలవు. హైదరాబాదు ఔషధపరిశ్రమ యంతయు ఇట్టి మార్గముననే పెరిగినది. ఇచ్చట వండిన పొడి డ్రమ్ములకెక్కి, ఓడలకెక్కి, ఏండ్ల తరబడి చెడక, ఖండాంతరముల రోగులకు చేరును. నిలువయుండుటయే దాని బలము. ఇప్పుడు చెప్పబోవు ఔషధమునకు ఆ బలము బొత్తిగా లేదు.

దేహోష్ణముచే పది లక్షలలో పదికి దిగజారిన ఆధిక్యమును, శరీరమునకు వెలుపలనే, వేరొక ఉపాయముచే, రెండు మూడు లక్షలకు పెంచి, ఆ పదార్థమును వెంటనే రోగి దేహములో ప్రవేశపెట్టిరేని, ఎంత స్వల్పపరిమాణములో ఉన్నను అది అయస్కాంతపు కంటికి ప్రజ్వలించుచు గోచరించును. ఇట్లు సిద్ధపరచిన వానిని హైపర్‌పోలరైజ్డ్ కాంట్రాస్టులందురు. మనము అతిధ్రువిత ద్రవ్యములందము. ఈ భావనకు మూలములు వైద్యములో లేవు. కాంతికిరణములచే పరమాణువుల స్పిన్నులను ఒకే దిశకు మళ్లింపవచ్చునని పారిసు నగరమున ఆల్ఫ్రెడ్ కాస్లర్ 1950లో ప్రతిపాదించెను. అందులకు 1966లో నోబెల్ బహుమానము లభించినది. ఎలక్ట్రానుల ధ్రువణమును కేంద్రకములకు బదిలీచేయవచ్చునని ఆల్బర్ట్ ఓవర్‌హౌజర్ 1953లో గణితముచే చూపగా, ఆనాటి ప్రసిద్ధ శాస్త్రజ్ఞులే నమ్మనొల్లలేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున కార్వర్, స్లిక్టర్ అనువారు అదే సంవత్సరము ప్రయోగమొనర్చి నిజమని నిరూపించిరి. ఈ రెండు మార్గములును నాలుగు దశాబ్దులు భౌతికశాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలోనే ఉండిపోయినవి. ప్రయోజనమేమని అడుగక వారు సాగించిన కృషి కాలక్రమమున రోగి ఊపిరికి అక్కరకు వచ్చినది.

మొదటి మార్గము వాయువులకు అనువైనది. గాజుపాత్రలో రుబీడియము లోహమును వేడిచేసి ఆవిరిగా మార్చి, దానిపై లేసరుకాంతిని ప్రసరింపజేయగా, ఆ లోహపరమాణువుల ఎలక్ట్రానులు ఒకే దిశకు మళ్లును. అదే పాత్రలోని జినాన్ వాయుపరమాణువులు వానితో ఢీకొన్నప్పుడు ఆ దిశానియతి జినాన్ కేంద్రకమునకు సంక్రమించును. ప్రకృతిలో లభించు జినానులో నాల్గవవంతు పైచిలుకు జినాన్-129 అను రకము. ఈ గుణమునకు అదియే తగినది. 1994లో ప్రిన్స్‌టన్, స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు ఇట్లు సిద్ధపరచిన జినానును ఎలుక ఊపిరితిత్తులలో నింపి మొదటి చిత్రమును ప్రకటించిరి. మరి రెండేండ్లకే మనుష్యుల ఊపిరితిత్తులను హీలియము-3 అను అరుదైన వాయువుతో చిత్రించిరి. కాని హీలియము-3 ట్రిటియము క్షయమునుండి లభింపవలసినదే. దాని కొరత తీవ్రమైనందున పరిశోధకులలో అధికులు మరల జినానునే ఆశ్రయించిరి.

ఈ రెండు వాయువుల కథయు మన దేశముతో పెనవేసికొని ఉన్నదనుట ఇచ్చట చెప్పక విడువరానిది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినప్పుడు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరున మకాముచేసి సూర్యుని అంచున ఎగయు జ్వాలల వర్ణపటమును పరిశీలించెను. మచిలీపట్నమున పోగ్సన్ అదే దినమున పరిశీలనలు చేసెను. సూర్యుని వర్ణపటమందు కనబడిన పసుపుగీత యొకటి భూమిపై నెరుగని మూలకమునకు చెందినదని ఇంగ్లండులో లాకియర్ నిర్ణయించి హీలియమని పేరిడెను. ఆ హీలియమే ద్రవరూపమున నేడు హైదరాబాదు ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను సున్నకు దిగువ 269 డిగ్రీల శైత్యమున కాపాడుచున్నది. జినానును 1898లో రామ్సేతో కలిసి కనుగొన్న మారిస్ ట్రావర్స్ తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు మొదటి డైరెక్టరై వచ్చెను. ఇంత దగ్గరివారమైన మనము ఈ వాయువులను పరాయివిగా భావింపనక్కరలేదు.

జినాన్ పరీక్ష రోగికి అతిసులభము. అతిధ్రువిత వాయువును నింపిన సంచినుండి ఒక్కమారు లోనికి పీల్చి, పది పదునైదు సెకనులు ఊపిరి బిగబట్టవలెను. అంతలో చిత్రము పూర్తియగును. ఎక్స్-రే లేదు, రేడియోధార్మికత లేదు, సూదిపోటు లేదు. గాలి చేరిన భాగములు వెలిగి కనబడును. ఉబ్బసముచేతనో, పొగచేతనో, గనుల ధూళిచేతనో మూసికొనిపోయిన భాగములు చీకటిమయములై నిలుచును. వాయునాళములో ఎక్కడ ఎంత అడ్డమున్నదో గొట్టములోనికి ఊదించి మొత్తముగా కొలుచు స్పైరోమెట్రీ చెప్పజాలదు. 2022 డిసెంబరున అమెరికా ఔషధనియంత్రణాధికారులు ఈ జినానును పండ్రెండేండ్లు నిండినవారి ఊపిరితిత్తులలో గాలి ప్రసారమును పరీక్షించుటకు అనుమతించిరి. అతిధ్రువిత ద్రవ్యములలో వైద్యమున వాడుటకు అట్టి అనుమతి పొందిన మొదటిది ఇదియే.

జినానుకు మరియొక విశేషము కలదు. అది రక్తములో కరగును. కరగినప్పుడు దాని సంకేతము కొంత మారును. ఊపిరితిత్తి పొరలో నున్నప్పుడొక విధముగను, ఎర్రరక్తకణమును చేరినప్పుడు మరియొక విధముగను పలుకును. కావున గాలి లోనికి వచ్చినదా అనియే కాక, వచ్చిన గాలి పొరను దాటి రక్తమునకు అందినదా అని కూడ తెలియును. కోవిడు సోకి తగ్గిన పిమ్మట నెలలు గడచినను ఆయాసము తీరని రోగులను ఆక్స్‌ఫర్డు, షెఫీల్డు శాస్త్రజ్ఞులు ఈ రీతిని పరీక్షించి, సీటీ స్కానులో లోపమేమియు కనబడనివారిలో సైతము ఆ దాటుట మందగించియుండుటను 2021లో ప్రకటించిరి. రిపోర్టులన్నియు నార్మలని వచ్చుచుండగా నాలుగు మెట్లెక్కిన ఆయాసపడువాని బాధను ఇంటివారు సైతము నమ్మరు. 2020లో గచ్చిబౌలి క్రీడాగ్రామమున కోవిడు కొరకై హుటాహుటిగా టిమ్స్ ఆసుపత్రిని తెరచిన నగరమునకు ఇట్టి రోగులు ఎంతమందియో పరిచితులే. వారి బాధకు సాక్ష్యమిచ్చు పరీక్ష యొకటి ఉన్నదనుటయే నన్నీ విషయమునకు మొదట ఆకర్షించినది.

రెండవ మార్గము ద్రవములకు సంబంధించినది. నా దృష్టిలో దీని ఫలితము మరింత గంభీరము. అన్నమునుండి పుట్టిన గ్లూకోజు కణములో చీలి పైరువేటగును. ప్రాణవాయువు చాలినంత లభించు ఆరోగ్యకణములో ఆ పైరువేటు మైటోకాండ్రియాలో ప్రవేశించి సంపూర్ణముగా దహింపబడి శక్తినిచ్చును. క్యాన్సరు కణము మాత్రము ప్రాణవాయువున్నను దానిని పూర్తిగా వినియోగింపక, పైరువేటును విరివిగా లాక్టేటుగా, అనగా పెరుగునకు పులుపునిచ్చు ఆమ్లముగా, మార్చివేయుచుండునని జర్మనీలో ఆటో వార్‌బర్గ్ 1920 ప్రాంతముల గమనించెను. ఆ దశాబ్దముననే, భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేతో కలిసి కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, పిమ్మట ఏ.టి.పి.ని గుర్తించి, కణము శక్తిని ఏ నాణెములో చెలామణి చేయునో లోకమునకు చూపిరి. వారు కణజాలమును రుబ్బి, రసాయనములతో పరీక్షించి కనుగొన్న మార్పులను బ్రదికియున్న రోగి శరీరములో, అవి జరుగుచుండగనే చూడగలుగుటయే ఈ రెండవ మార్గము సాధించిన ఘనత.

ఇది 2003లో స్వీడను దేశపు మాల్మో నగరమున ఆర్డెన్‌కేయర్-లార్సెన్ బృందముచే వెల్లడియైనది. విధానమును కొంత వివరముగా చెప్పవలసియున్నది. కర్బనములో అయస్కాంతగుణముగల కర్బనము-13 ప్రకృతిలో నూటికి ఒకపాలు మాత్రమే. ఆ రకముతో కూర్చిన పైరువిక్ ఆమ్లములో, జతలేని ఎలక్ట్రానుగల రసాయనమును స్వల్పముగా కలిపి, బలమైన అయస్కాంతములో నిలిపి, ద్రవహీలియముతో సున్నకు దిగువ సుమారు 272 డిగ్రీలకు చల్లబరతురు. అంతకంటె చల్లనిది విశ్వాంతరాళమున సహజముగా దొరకుటయే అరుదు. ఎలక్ట్రాను అయస్కాంతబలము ప్రోటాను బలమునకు సుమారు 660 రెట్లు గావున, ఆ శైత్యమున ఎలక్ట్రానులు దాదాపు అన్నియు ఒకే దిశకు తిరిగి నిలుచును. అప్పుడు మైక్రోతరంగములను ప్రసరింపజేయగా ఆ నియతి మెల్లమెల్లగా, గంటో అంతకు మించియో పట్టి, కర్బనకేంద్రకములకు దిగును. ఇంతవరకు ఓవర్‌హౌజర్ చూపిన బాట నడచినదే. మాల్మోవారి సాహసమేమనగా, ఆ ఘనీభవించిన ముద్దపై బహుతప్తమైన నీటిని ఒక్కసారిగా చిమ్మి, ధ్రువణము చెదరకముందే కరగించి, దేహమునకు సరిపడు ద్రవముగా వెలికి తెచ్చుట. సాధారణ సంకేతముకంటె పదివేల రెట్లు మించిన సంకేతము వారికి లభించినది.

ఆ క్షణమునుండి కాలము పగబట్టును. ఒక్కొక్క నిమిషమునకు సంకేతములో మూడింట రెండు వంతులు చొప్పున హరించిపోవును. అయిదు నిమిషములు గడచినచో మిగులునది పైరువేటు కలిసిన ఉప్పునీరు మాత్రమే. కావున అది వెలికి వచ్చిన వెంటనే అందులోని ఎలక్ట్రాను రసాయనమును వడపోసి తొలగింపవలెను, ఆమ్లత్వమును సరిచేయవలెను, ఉష్ణము, గాఢత, ధ్రువణము, మిగిలిన రసాయనపు పాలు కొలువవలెను, ఫార్మసిస్టు వానిని చూచి సరియని చెప్పవలెను, సిరంజి గోడ కావలనున్న స్కానరు గదిని చేరవలెను, నర్సు ఇంజక్షను చేయవలెను, రేడియాలజిస్టు చిత్రగ్రహణమును ఆరంభింపవలెను. ఇదంతయు నిమిషము, నిమిషమున్నరలో ముగియవలసినదే. మన ఔషధకర్మాగారములలో పనిచేయువారు దీనిని చదివి విస్మయపడకమానరు. వారికి బ్యాచ్ రిలీజు అన్నచో నమూనాలు, ల్యాబు నివేదికలు, క్యూఏ సంతకములు, దినములు, వారములు. ఇచ్చట ఒక్కొక్క రోగికొక బ్యాచి. దాని రిలీజుకు సెకనులే గడువు. ధ్రువణము నశించిన పైరువేటు రోగికి అపాయకారి కాకపోయినను, నిరుపయోగమగును గావున ఆ బ్యాచి వృథాయైనట్లే. రేడియోధార్మిక చక్కెరతో చేయు పెట్ స్కానుకై సైక్లోట్రానున తయారగు మందునకు 110 నిమిషముల అర్ధాయువు కలదు. అది కారులో ఎక్కి నగరము దాటి రాగలదు. పైరువేటుకు ఆ వెసులుబాటు లేదు. పొరుగూరి గుడిలో వెలిగించిన కర్పూరమును తెచ్చి మన గుడిలో హారతి ఈయలేము గదా! ఇదియు అట్టిదే, రోగి ముంగిటనే వెలిగింపవలెను.

ఇంత శ్రమకు ఫలమేమి? శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు ప్రోస్టేటు క్యాన్సరుగల 31 మంది పురుషులకు ఈ ఇంజక్షనునిచ్చి 2013లో ఫలితములను ప్రకటించిరి. మందు నిరపాయమని తేలినది. పైరువేటు లాక్టేటుగా మారుచున్న తావులు వేరుగా వెలుగుచు కనబడినవి. తరువాత హృదయమును, మెదడును, స్తనములోని కణితులను ఇదే రీతిని చిత్రించిరి. క్యాన్సరు రోగికి ఇందువలన కలుగు మేలు ఏమనగా, కీమోథెరపీ పనిచేయుచున్నదా లేదా అని తెలిసికొనుటకు నేడు కణితి కుంచించుకొనువరకు, అనగా వారములు నెలలు, వేచియుండవలెను. మందు వికటించిన కష్టములన్నియు అనుభవించిన పిమ్మట ఆ మందు పనిచేయలేదని వినవలసివచ్చుటకంటె దుఃఖకరమేమున్నది? కేంబ్రిడ్జిలో బ్రిండిల్ బృందము ఎలుకలలోని లింఫోమా కణితులకు మందిచ్చి, ఒక్క దినము తిరుగకమునుపే లాక్టేటు మార్పు తగ్గుటను 2007లో చూపెను. పరిమాణము మారక మునుపే జీవక్రియ మారుచున్నదన్నమాట.

ఈ కృషిలో తెలుగువారి పేర్లును వినబడుచున్నవి. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో చెరుకూరి మురళీకృష్ణగారి బృందము కణితిలో ప్రాణవాయువు ఎచ్చట కొరవడినదో ఎలక్ట్రాను స్పిన్ను చిత్రణముచేతను, అదే కణితిలో పైరువేటు ఎంత వేగమున లాక్టేటగుచున్నదో అతిధ్రువిత కర్బనముచేతను, ఒకే ఎలుకలో జంటగా పరిశీలించి పరంపరగా ప్రకటించినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున రవీందర్ రెడ్డిగారు అతిధ్రువణ మార్గమును పట్టక, మెదడులోని గ్లుటమేటును చుట్టునున్న నీటి ప్రోటానుల ద్వారానే కనిపెట్టు విధానమును తమ సహచరులతో 2012లో ప్రకటించిరి. హైదరాబాదులోనే, హబ్సిగూడ సీసీఎంబీ పరిశోధనసంస్థలో, అనంత బహదూర్ పటేల్‌గారి ప్రయోగశాల కర్బనము-13 గల గ్లూకోజును ఎలుకలకిచ్చి, మెదడు దానినెట్లు వినియోగించుకొనుచున్నదో చిరకాలముగా కొలుచుచున్నది. గోపన్‌పల్లిలోని టాటా సంస్థలో ఘనపదార్థముల స్పిన్నులను శాసించు విద్యయందు ఆరితేరినవారున్నారు. అనగా ఈ విద్యకు కావలసిన పాండిత్యము నగరమునకు క్రొత్తదేమియు కాదు.

ఐనను మన ఆసుపత్రులలో ఈ పరీక్ష నిత్యవైద్యమున ఇంకను ప్రవేశింపలేదు. కారణములు స్పష్టమే. మామూలు స్కానరు హైడ్రోజన్ స్వరమునకే శ్రుతిచేయబడినది; జినానుకో కర్బనమునకో వేరు కాయిలును, వేరు పౌనఃపున్యముల ఎలక్ట్రానిక్సును కావలెను. కోటి పాళ్ల గాలిలో ఒకపాలైనను నిండని జినాన్ ఖరీదైనది. పైరువేటు యంత్రము మరింత ఖరీదైనది. దానికి శుభ్రగది, ద్రవహీలియము, శిక్షణపొందిన ఫార్మసిస్టు కావలెను. ఈ పరీక్షవలన రోగుల ఆయుర్దాయము పెరుగునని నిరూపించు పెద్ద పరీక్షలు ఇంకను జరుగవలసియున్నవి. పైరువేటు నేటికిని పరిశోధనాదశయందే ఉన్నది. ఈ ఆక్షేపణలన్నిటిని నేను గౌరవింతును. కాని "విదేశములలో పక్వమైన పిమ్మట కొని తెచ్చుకొందము" అను మన అలవాటు ఈ ఒక్క ఔషధము విషయమున సాగదు. దీనిని కొని తెచ్చుకొనుట యనునదే అసంభవము. యంత్రమును కొనవచ్చును గాని, ఆ నిమిషమున చేయవలసిన పనిని కొనలేము. ఫార్మసిస్టును, భౌతికశాస్త్రజ్ఞుని, రేడియాలజిస్టును కలిపి పనిచేయించు అభ్యాసము మనవారికి మనయింటనే అలవడవలెను. దానికి ఏండ్లు పట్టును. అందుచేత ఇతరులు ముగించువరకు వేచినవాడు, వారు ముగించిననాడు తాను మొదలుపెట్టవలసినవాడగును.

నానక్‌రామ్‌గూడ పరిసరములలోని సంస్థలకును తెలంగాణ ప్రభుత్వమునకును నా విన్నప మిది. మొదట జినానుతో ఆరంభింపుడు. అది అనుమతి పొందినది. సూదియు, ద్రవహీలియముతో చల్లబరచు ముద్దయు, శుభ్రగదియు లేనిది. ఒక లేసరు, ఒక గాజుపాత్ర, ఒక కాయిలు, దానికి తగిన ఎలక్ట్రానిక్సు, ఛాతీవైద్యము తెలిసిన రేడియాలజిస్టు, స్పిన్నులనెరిగిన భౌతికశాస్త్రజ్ఞుడు ఉన్నచో సాగునట్టిది. అయితే ఆ మొదటి యంత్రమును గాజుమేడల ఆసుపత్రిలో కాక, క్షయ మాని మచ్చలు మిగిలినవారును, రాతిధూళి పీల్చినవారును, పొయ్యిపొగలో జీవితము గడపిన స్త్రీలును ఆశ్రయించు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో నెలకొల్పుడు. అచ్చట చేయితిరిగిన పిమ్మట పైరువేటు యంత్రమును రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి తెండు. దివీస్ వంటి సంస్థలు రసాయనమును, టాటా సంస్థ, సీసీఎంబీలు శాస్త్రమును, మెడ్‌ట్రానిక్ వంటివారు ఇంజనీరింగును సమకూర్చగలవు. వీరిని ఒక్కచోట కూర్చుండబెట్టి మాటాడించు అధికారము ప్రభుత్వమునకే కలదు. ఆ సమావేశమును ఈ సంవత్సరమే పిలువవలసినదిగా కోరుచున్నాను.